తొమ్మిది వందల తొంభై తొమ్మిది రోజులు

సంచీలో ముందు రికార్డరు పెట్టింది. దాని ఛార్జరు, ఫోను ఛార్జరు, ఫోను నిలబెట్టే మూడుకాళ్ళ స్టాండు, రెండు పెన్నులు, అవి మొరాయిస్తే ఉంటుందని ఒక పెన్సిలు, అనుమతి పత్రాల కట్ట. వాటి మీద మూడు జతల బట్టలు. జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోయింది. స్టాండు కాలు అడ్డం పడింది. తీసి నిలువుగా పెట్టింది. ఈసారి ఛార్జరు అడ్డం వచ్చింది.

"నాలుగు రోజులకి ఇంత సామానా," అంది అత్తగారు. ఆవిడ మంచం అంచున కూర్చుని, కోడలు మడిచిన తువ్వాలును విప్పి మళ్ళీ మడుస్తోంది.

"ఇది సామాను కాదత్తయ్యా, నా ఖర్మ."

"ఎవరి దగ్గరికి వెళ్తున్నావో వాళ్ళకి తెలుసా?"

"తెలుసు. రెండుసార్లు ఫోను చేశాను."

"చూడ్డానికే కదా వెళ్ళడం. చూసి వచ్చేయి. మళ్ళీ వస్తానని మాత్రం చెప్పకు."

"చెప్తే ఏమవుతుంది?"

"నువ్వు మర్చిపోతావు. వాళ్ళు మర్చిపోరు." అత్తగారు తువ్వాలు చేతికిచ్చింది. "మా చిన్నాన్న అలాగే చెప్పి బస్సెక్కాడు. మా పిన్ని వీధి తలుపు గడియ పెట్టడం మానేసింది."

కోడలు తువ్వాలును సంచీలో కుక్కింది. మోకాలితో సంచీని నొక్కిపట్టి జిప్పు లాగింది.

ఆఫీసులో ఆమెను ప్రశ్నలక్క అంటారు. ఆమె ఉద్యోగం అదే. కంపెనీ నడిపే సైటును వాడేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళు వాడుతుంటే పక్కన కూర్చుని చూసి, ప్రశ్నలడిగి, తిరిగొచ్చి ఆఫీసులో చెప్పాలి. ఆ సైటు ఒక బజారు. ఏ కర్మాగారానికైనా వంద స్ప్రింగులో, యాభై జల్లెడలో కావలసివస్తే అక్కడ రాస్తారు. తయారుచేసేవాళ్ళు ఎంతకిస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో అదే రోజు సాయంత్రంలోగా జవాబివ్వాలి. ఇవ్వకపోతే పేరు పక్కన ఎర్రచుక్క పడుతుంది. మూడు చుక్కలు పడ్డ పేరు ఎవరూ చూడని పేజీకి జారిపోతుంది.

ఆ బజారును ఇప్పుడు కొత్తగా తీర్చిదిద్దుతున్నారు. ఆ పనికి పెద్దగా ఉన్న మనిషిని వెనకాల అందరూ తొందరబాబు అంటారు. పాత చెత్తతో కొత్త కొట్టు తెరవకూడదని అతని పట్టుదల. సగటున మరీ ఎక్కువ రోజులు అడుగుతున్న నలభై ఒక్కమంది పేర్లు జాబితాగా తీయించాడు. కొత్త సైటు తెరిచేలోగా వాళ్ళను తీసేయాలి. జాబితాలో మొదటి పేరు సీసాలు కడిగే బ్రష్షులు చేసేవాళ్ళది. సగటు ఆరువందల పదకొండు రోజులు.

"బ్రష్షుకి ఆరువందల రోజులా. మొక్క నాటి, అది మానయ్యాక పిడి చెక్కుతారా," అన్నాడు తొందరబాబు మీటింగులో. అందరూ నవ్వారు. ప్రశ్నలక్క కూడా నవ్వింది. నవ్విన తరవాత ఆ అంకె ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అంత బద్ధకస్తులైతే రెండేళ్ళుగా ఒక్క చుక్క పడకుండా, అడిగినవాళ్ళందరికీ గంటలోపు జవాబెలా ఇస్తున్నారు?

"వెళ్ళి చూసొస్తాను," అంది.

"చూసిరా. శుక్రవారం జాబితా ఖాయం చేసేస్తా. ఏం చెప్పినా ఒక్క లైన్లో చెప్పు."

*

సోమవారం పదిగంటలకు ఆ వీధిలో దిగింది. ఒక కొట్లో జల్లెడలు, పక్క కొట్లో స్ప్రింగులు, దాని పక్కన రేకుల షెడ్డు. లోపల దూలానికి నైలాను పోగుల కట్టలు గుర్రపు తోకల్లా వేలాడుతున్నాయి. పొడుగాటి బల్ల, ఒక చివర తీగను బిగించే ఇనుప పట్టుగొట్టం, రెండో చివర చేత్తో తిప్పే చక్రం. చక్రం దగ్గర నిలబడ్డ ఆవిడకు డెబ్బై ఏళ్ళుంటాయి. వీధంతా ఆవిడను బ్రష్షుల పెద్దమ్మ అంటుంది. బల్లకు అవతల స్టూలు మీద కూర్చుని కత్తెర ఆడిస్తున్నది ఆవిడ ఆడపడుచు.

ప్రశ్నలక్క అనుమతి పత్రం ఇచ్చింది. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని నాలుగు పేజీలూ చదివింది. చదువుతున్నంతసేపూ పెదాలు కదిలాయి.

"నా షెడ్డులో నువ్వు కూర్చోడానికి నా సంతకమెందుకు అమ్మాయ్? నీది కదా కావాలి."

"మీ మాటలు రికార్డు చేసుకోడానికి పెద్దమ్మా. మీకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా ఆపేయమనొచ్చు."

"ఆపేయమంటే ఆపేస్తారా? ఈ కంప్యూటరు ఎన్నిసార్లు చెప్పినా ఆగదు." సంతకం పెట్టింది. ప్రతి పేజీ మీదా పెట్టింది, అడగకపోయినా.

స్టాండు మూడుసార్లు పడిపోయింది. మూడోసారి ఆడపడుచు లేచి, దాని కాలి కింద రబ్బరు ముక్క పెట్టి, వెళ్ళి కూర్చుంది.

కంప్యూటరు మూలన బల్ల మీద ఉంది. దాని మీద ఉతికిన గుడ్డ కప్పి ఉంది. పెద్దమ్మ గుడ్డ తీసి మడిచి ఒళ్ళో పెట్టుకుంది. సైటు అప్పటికే తెరిచి ఉంది.

"ఎప్పుడూ మూయరా?"

"మూయడమెలాగో తెలుసులే. అదిగో, పైన మూలన 'బయటికి వెళ్ళండి' అని ఉంటుంది. నా షెడ్డులో నేను కూర్చుంటే నన్ను బయటికి పొమ్మంటుందేం. ఒక్కసారి కూడా నొక్కలేదు. గుడ్డ కప్పేస్తా."

"సరే. ఇప్పుడు రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండి. ఏం చేస్తున్నారో చెప్తూ చేయండి. నేను లేననుకోండి."

"ఎదురుగా ఇంత మనిషిని పెట్టుకుని లేదనుకోవడమెలా?"

"లేననుకోమంటే అనుకో వదినా," అంది ఆడపడుచు కత్తెర ఆపకుండా. "నన్ను అనుకోవడం లేదూ ముప్ఫై ఏళ్ళుగా."

పెద్దమ్మ చూపుడు వేలు ఒక్కటే మీట మీదికి తెచ్చింది. పోగులు కోసి కోసి ఆ వేలి కొన గట్టిపడింది. సరుకు కావాలన్న ఒక విన్నపం తెరుచుకుంది. అది చదువుతుండగానే పక్కనుంచి ఒక రంగుల ప్రకటన పలక జారి వచ్చి సగం అక్షరాలను మూసింది. పెద్దమ్మ దాన్ని తీయబోయి ఇంకేదో నొక్కింది. పేజీ మారిపోయింది. వెనక్కి వచ్చింది. విన్నపం లేదు. మళ్ళీ వెతికింది. పలక మళ్ళీ జారి వచ్చింది.

ప్రశ్నలక్క చేతులు ఒళ్ళో ముడుచుకుంది. పలక మూలన చిన్న గుర్తు ఉంది. అది నొక్కితే పోతుంది. ఆ మాట చెప్పకూడదు. చూసే మనిషి సాయం చేస్తే చూసింది చెల్లదు. పదకొండేళ్ళుగా కొత్తగా చేరినవాళ్ళకు ఆమె నేర్పే మొదటి పాఠం అదే.

"అమ్మాయ్, ఇది ఎటు పోయింది?"

"ఎటు పోయి ఉంటుందని మీరనుకుంటున్నారు?"

పెద్దమ్మ కళ్ళజోడు మీదుగా చూసింది. "కడుపునొప్పని డాక్టరు దగ్గరికి వెళ్తే, ఎందుకొచ్చి ఉంటుందని మీరనుకుంటున్నారు అని అడిగాడట. అలా ఉంది నీ వరస."

"నేను చెప్పకూడదు పెద్దమ్మా. అది మా పద్ధతి."

"చూస్తూ కూర్చోవడం మీ పద్ధతి. గోతిలో పడుతున్నవాణ్ణి కూడా రాసుకుంటారా, ఎన్ని అడుగులు జారాడో?"

రాసుకుంటామని ప్రశ్నలక్కకు తెలుసు. పెన్సిలు కాగితం మీదే ఉంది. ఆరు నిమిషాల ఇరవై సెకన్లు, నాలుగుసార్లు తప్పు పేజీ అని రాసి ఉంది.

చివరికి విన్నపం దొరికింది. ఎవరో మందుల సీసాలవాళ్ళు అయిదు రోజుల్లో అయిదువందల బ్రష్షులు కావాలన్నారు. పెద్దమ్మ క్షణం కూడా ఆలోచించలేదు. ధర గడిలో మామూలు ధర వేసింది. రోజుల గడిలో మూడు తొమ్మిదులు కొట్టింది. పంపు అని నొక్కింది.

ప్రశ్నలక్క పెన్సిలు ఆగింది. "ఇప్పుడేం చేశారు?"

"చెప్పాగా."

"ఏం చెప్పారు?"

"కుదరదని."

"కుదరదని ఎక్కడ చెప్పారు?"

పెద్దమ్మ తెర మీద వేలు పెట్టింది. "ఇదిగో. తొమ్మిది వందల తొంభై తొమ్మిది. కుదరదని చెప్పడానికి ఇందులో చోటేది? ఎన్ని రోజులో చెప్పు అంటుంది, లేకపోతే నోరు మూసుకో అంటుంది. నోరు మూసుకుంటే చుక్క పెడుతుంది. అడిగినవాడేమో పాపం మన జవాబు కోసం కూర్చుంటాడు. అందుకని మూడేళ్ళు పడుతుందంటాను. మూడేళ్ళు ఆగే బుద్ధిమంతుడు ఎవడుంటాడు? నవ్వుకుని ఇంకోచోటికి పోతాడు."

"మీరొక్కరేనా, ఇలా..."

"ఈ వీధంతా అంతే. ముందు జల్లెడలాయన కనిపెట్టాడు. ఆయన్ని చూసి మేం. ఒక్క చివరింటి బ్రష్షులవాడు తప్ప. వాడు అందరికీ మూడు రోజులంటాడు. మూడు వారాలకి ఇస్తాడు. వాడికి అయిదు నక్షత్రాలు."

"నాలుగున్నర," అంది ఆడపడుచు.

ప్రశ్నలక్క కుర్చీలో వెనక్కి వాలింది. రాసుకోవలసింది రాసుకోలేదు. రెండేళ్ళు, నలభై ఒక్కమంది, ఆరువందల పదకొండు. ఇంత మర్యాదగా, ఇంత త్వరగా వద్దని చెప్పిన మనుషులను తీసుకెళ్ళి బద్ధకస్తుల జాబితాలో పెట్టారు. మీటింగులో తాను నవ్విన నవ్వు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

"అయిదువందలు అయిదు రోజుల్లో ఎందుకు కుదరదు పెద్దమ్మా?"

"రా, చూపిస్తా. చూడ్డానికే వచ్చావుగా."

పెద్దమ్మ బల్ల దగ్గరికి వెళ్ళింది. తీగను మధ్యకు మడిచి, రెండు పొరల మధ్య పోగులను పలచగా, సమంగా పరిచింది. ఒక కొన పట్టుగొట్టానికి, ఇంకో కొన చక్రానికి. చక్రం తిప్పింది. తీగ మెలిపడుతుంటే పోగులు ఒక్కొక్కటే లేచి గుండ్రంగా విచ్చుకున్నాయి. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. పదకొండు దగ్గర ఆగింది.

"పన్నెండో చుట్టు తిప్పితే తీగ అలిసిపోతుంది. పది దగ్గర ఆపితే పోగు రాలుతుంది. చివరింటివాడు ఎనిమిది తిప్పుతాడు."

బ్రష్షు ఆడపడుచు చేతికి వెళ్ళింది. ఆవిడ దాన్ని తిప్పుతూ కత్తెరతో కొసలు సమం చేసింది. తరవాత వేడినీళ్ళ బకెట్లో పడేసింది. అప్పటికే అందులో చాలా ఉన్నాయి.

"రేపటిదాకా అందులోనే. తీసి ఒక్కోదాన్నీ లాగి చూస్తాం. పోగు ఊడి వస్తే పక్కకి పారేస్తాం. ఎవరి పసివాడి సీసాలోకో పోతుంది కదా ఆ పోగు. రోజుకి నలభై. మహా అయితే నలభై రెండు. ఇప్పుడు చెప్పు, అయిదువందలు అయిదు రోజుల్లో ఎలా?"

*

మంగళవారం ఉదయం జల్లెడలాయన దగ్గర కూర్చుంది. ఆయన కూడా అదే మాట చెప్పాడు, కాస్త గర్వంగా. ఆ తెలివికి తనకు ఎవరూ బహుమతి ఇవ్వలేదని నిష్ఠూరమాడాడు. మధ్యాహ్నం సంచీ సర్దుకోడానికి పెద్దమ్మ షెడ్డుకు వచ్చింది. ఊరుకుందామనుకుని ఊరుకోలేక జాబితా సంగతి చెప్పేసింది. ఇది కూడా చెప్పకూడదు.

పెద్దమ్మ చక్రం మీది చేయి తీయలేదు. "తీసేస్తారా? ఇంత చేసీ?"

"తీయనివ్వను. శుక్రవారం మీటింగు ఉంది. మీ మాటలే వినిపిస్తాను."

"మాకు పదిలో తొమ్మిది పనులు దాంట్లోంచే వస్తున్నాయి. మా దగ్గర కొనే బజారు కొట్లు ఎప్పుడో పోయాయి." ఆడపడుచు కత్తెర ఆగింది. ఆ రెండు రోజుల్లో ఒక మాటకు అది ఆగడం అదే మొదటిసారి.

"కుదురుతుందని రాసి ఎలాగోలా చేసేయొచ్చు కదా, అందరిలాగా," అంది ప్రశ్నలక్క. అడగడం ఉద్యోగం కనక అడిగింది.

"కుదురుతుందని చెప్పి కుదరక నిలబడ్డ మనిషి మొహం ఎలా ఉంటుందో నేను చూశానమ్మాయ్. మా ఆయనది." అంతే అంది. చక్రం మళ్ళీ తిరిగింది. ప్రశ్నలక్క ఈసారి లెక్కపెట్టింది. పదకొండు.

వెళ్ళేటప్పుడు పెద్దమ్మ ఒక సన్నటి బ్రష్షును పాత కాగితంలో చుట్టి సంచీ జిప్పు సందులోంచి లోపలికి తోసింది. "దీన్ని మూడు రోజులు నానబెట్టి లాగినా పోగు రాదు. మీ ఆఫీసులో చూపించు." తరవాత అంది, "మళ్ళీ వస్తావా?"

అత్తగారి తువ్వాలు కళ్ళముందు కదిలింది.

"వస్తాను పెద్దమ్మా. కొత్తది తయారవగానే ముందు మీకే చూపిస్తాను."

"చూపించి, నాకు తెలియకపోతే చెప్పాలి మరి. ఎటు పోయిందనుకుంటున్నావని అడగకూడదు."

"చెప్తాను."

సాయంత్రం బస గదిలో కూర్చుని ఆఫీసుకు సందేశం రాసింది. మొత్తం పదిహేను లైన్లు వచ్చాయి. తొందరబాబు వెంటనే జవాబిచ్చాడు: "చాలా పెద్దది. ఒక్క లైన్లో."

పళ్ళు కొరుక్కుంది. కోపంతో రాసింది, కోపంతోనే కోసింది. చక్రం పోయింది, బకెట్టు పోయింది, చివరింటివాడు పోయాడు, కుదరదన్న మాట కూడా పోయింది. చివరికి మిగిలింది ఇది: "రోజుల గడిలో 999 కూడా పడుతోంది, అందుకే సగటు పాడైంది, వాళ్ళ బద్ధకం కాదు, మిగతాది శుక్రవారం చెప్తాను."

ఆఫీసులో సైటుకు కోడు రాసే కుర్రాడు, అందరూ తమ్ముడనేవాడు, బొటనవేలు గుర్తు పెట్టాడు. "చూస్తా అక్కా," అన్నాడు.

*

బుధవారం సీసాల కర్మాగారంలో సరుకు కొనే ఉద్యోగిని కలిసింది. ఆయన బల్ల మీద నుంచి తలెత్తకుండానే అన్నాడు, "తొమ్మిదొందలు చూస్తే మాకు హాయి. ఆ మనిషి చేయనని చెప్పినట్టే. తిట్టుకోవాల్సిన పని లేదు. మూడు రోజులన్నవాళ్ళ వెంటే పడలేక చస్తున్నాం." ఆ మాటలు రికార్డయ్యాయో లేదోనని రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నది. గురువారమంతా రైల్లోనే గడిచింది. పక్కసీటాయన ఫోన్లో ఎవరితోనో పోట్లాడుతూనే ఉన్నాడు. ఆమె ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని శుక్రవారానికి ముప్ఫై పేజీలు తయారుచేసింది.

శుక్రవారం రైలు దిగి సంచీతోనే ఆఫీసుకు వెళ్ళింది. మీటింగు గదిలో పెద్దమ్మ గొంతు వినిపించింది. "కుదరదని చెప్పడానికి ఇందులో చోటేది?" తరవాత సీసాల ఉద్యోగి గొంతు. తరవాత చక్రం తిరుగుతున్న చప్పుడు. ఆమె బ్రష్షును బల్ల మీద పెట్టింది. అది చేతులు మారింది. ఒకరు పోగు లాగి చూశారు. రాలేదు.

తొందరబాబు బ్రష్షును తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు. "జాబితా కొట్టేయండి," అన్నాడు చివరికి. "కొత్త దాంట్లో 'చేయలేను' అని ఒక బటన్ పెడదాం. అది నొక్కినవాళ్ళకి చుక్క ఉండకూడదు. ఆవిడ మాట పెద్ద అక్షరాల్లో అచ్చేసి గోడకి పెట్టండి." అందరూ చప్పట్లు కొట్టారు. ప్రశ్నలక్క నీళ్ళ గ్లాసు అందుకుంది. పదకొండేళ్ళలో ఆమె మాట మీద ఒక జాబితా కొట్టేయడం ఇదే మొదటిసారి.

"ఆ గడి సంగతి నేను అప్పుడే చూసేశా అక్కా," అన్నాడు కోడు రాసే తమ్ముడు సంతోషంగా. "నీ మెసేజి వచ్చిన మర్నాడు పొద్దున్నే. పది నిమిషాల పని. ఇప్పుడు నలభై అయిదు దాటి పడదు."

గ్లాసు నోటిదాకా వచ్చి ఆగింది.

"బటన్ ఎప్పటికి వస్తుంది?"

"కొత్తదాంతో పాటే. మూడు నాలుగు నెలలు."

"ఈలోగా వాళ్ళు కుదరదని ఎలా చెప్తారు?"

తమ్ముడు తొందరబాబు వైపు చూశాడు. తొందరబాబు గడియారం వైపు చూశాడు.

నడవాలోకి వచ్చి ఫోను చేసింది. ఆడపడుచు ఎత్తింది.

"అది తొమ్మిదులు తీసుకోవడం మానేసిందమ్మాయి. బుధవారం పొద్దున మూడువేలు అడిగారు ఎవరో. వదిన తొమ్మిదులు కొడితే, నలభై అయిదు దాటకూడదని ఎర్రగా రాసింది. మధ్యాహ్నందాకా చూసింది. మీ సహాయం నంబరుకి ఫోను చేస్తే పాట వచ్చింది, పాటే వచ్చింది. సాయంత్రం గడువైపోతోందని నలభై అయిదే కొట్టింది. అంత ఎక్కువంటే వాళ్ళే పోతారనుకుంది. గంటలో ఒప్పుకున్నారు వాళ్ళు."

నలభై అయిదు రోజులు, రోజుకి నలభై. ప్రశ్నలక్క లెక్క వేయబోయి మానేసింది.

"తరవాత?"

"తరవాతేముంది. రాత్రంతా నిద్రపోలేదు. నిన్న పొద్దున వాళ్ళకి రాసింది. పొరపాటున ఒప్పుకున్నాను, నాతో కాదు, క్షమించండి అని. రాసీ రాయగానే మా పేరు కింద ఒక నల్లపట్టీ వచ్చి కూర్చుంది. 'ఒప్పుకుని వెనక్కి తగ్గినవారు' అని. వీధి వీధంతా చూశారు. చివరింటివాడు వచ్చి మరీ పలకరించి వెళ్ళాడు."

వెనక చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆగింది. ఫోను చేతులు మారింది.

"అమ్మాయ్." పెద్దమ్మ గొంతు మామూలుగానే ఉంది. "ఆ గడి సంగతి నువ్వు చెప్పావా అక్కడ?"

అబద్ధం చెప్పడానికి చోటుంది. పదిమంది చూస్తారు, ఎవరో కనిపెట్టి ఉంటారని చెప్పవచ్చు.

"చెప్పాను పెద్దమ్మా."

"ఊఁ." బకెట్లో బ్రష్షు పడ్డ చప్పుడు వినిపించింది. "మంచికే చెప్పి ఉంటావులే."

"పెద్దమ్మా, మీ పేరు జాబితాలోంచి తీసేశారు. బటన్ కూడా పెడుతున్నారు. మీరన్న మాట అందరూ..."

"సరేనమ్మా. బకెట్లో నీళ్ళు చల్లారిపోతున్నాయి." ఫోను పెట్టేసిన చప్పుడు.

*

ప్రశ్నలక్క లోపలికి వెళ్ళింది. గడిని మళ్ళీ తెరవమంది.

"తెరిస్తే మళ్ళీ తొమ్మిదులు వేస్తారు. సగటులన్నీ మళ్ళీ పాడవుతాయి," అన్నాడు తొందరబాబు. కోపంగా కాదు, పిల్లకు నచ్చచెప్పినట్టు. "నువ్వే కదా చెప్పావు, అందుకే పాడయ్యాయని."

"నేను పదిహేను లైన్లు రాశాను. మీరు ఒకటి చాలన్నారు."

"ఆ ఒకటీ స్పష్టంగానే ఉంది."

"ఆ నల్లపట్టీ అయినా తీయండి."

"అది వ్యవస్థ పెట్టిన గుర్తు. చేత్తో తీస్తే రేపు ప్రతివాడూ తీయమంటాడు. దానికో ఫారం ఉంది, నింపు. నేను తొందర చేస్తాను."

ఫారం తెరిచింది. కారణం ఎంచుకోమంది. సరఫరాదారు పొరపాటు. కొనుగోలుదారు పొరపాటు. రవాణా ఆలస్యం. ఇతరములు. పైకీ కిందికీ మూడుసార్లు చూసింది. తమ పొరపాటు అని రాయడానికి అందులో గడి లేదు. కుర్చీ వెనక్కి నెట్టి లేచింది, నడవా చివరిదాకా వెళ్ళింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఇతరములు నొక్కింది. వివరించండి అన్న చోట నూట ఇరవై అక్షరాలు మాత్రమే పట్టాయి.

ఇంటికి వెళ్ళి సంచీ మంచం మీద పెట్టింది. అత్తగారు ఒక్కొక్క వస్తువే బయటికి తీసింది. ఛార్జరు, స్టాండు, అనుమతి పత్రాలు, పాత కాగితంలో చుట్టిన బ్రష్షు.

"ఇదేమిటే?"

"సీసాలు కడిగేది. వాళ్ళిచ్చారు."

అత్తగారు దాన్ని వెలుతురులో తిప్పి చూసింది. పోగులకు ఎదురుగా అరచేతితో రాసి చూసింది. "పనితనం ఉన్న మనిషి," అంది. "మళ్ళీ వస్తానని చెప్పావా?"

ప్రశ్నలక్క స్టాండు కాలును మడుస్తోంది. అది మడతపడటం లేదు. ఆడపడుచు పెట్టిన రబ్బరు ముక్క దానికే అతుక్కుని వచ్చింది.

నల్లపట్టీ ఆరు వారాలకు తొలగింది. కొత్త సైటు జులైలో తెరిచారు. బూడిదరంగు బటన్ మీద 'చేయలేను' అని ఉంది. మొదటి వారంలోనే వేలమంది దాన్ని నొక్కారని తొందరబాబు అందరికీ స్వీట్లు పంచాడు. ఆఫీసు నడవాలో గోడ మీద పెద్దమ్మ ఫొటో ఉంది. దాని కింద ఆవిడ మాట పెద్ద అక్షరాల్లో ఉంది. కొత్తగా చేరినవాళ్ళు దాని ముందు ఆగి చదువుతారు. ప్రశ్నలక్క టీకి వెళ్ళాలంటే అటువైపు నుంచే వెళ్ళాలి. ఆమె మెట్ల మీదుగా చుట్టూ తిరిగి వెళ్తోంది.

బ్రష్షుల పెద్దమ్మ ఆ సైటులోకి మళ్ళీ రాలేదు. చివరిసారి వచ్చింది మార్చి పన్నెండు, గురువారం. పదకొండు గంటల ఇరవై నిమిషాలకు 'బయటికి వెళ్ళండి' అన్న బటన్ నొక్కినట్టు నమోదై ఉంది.

ప్రశ్నలక్క ఆ వీధికి మళ్ళీ వెళ్ళలేదు. చివరిసారి వెళ్ళింది మార్చి పది, మంగళవారం.